జులైలో తడిసిన మట్టి

కరక్, 1986 ఏప్రిల్ 9

హమ్‌దా,

నువ్వూ, మరిది ఔదా, పిల్లలూ చల్లగా ఉండాలి. నా మోకాళ్ల సంగతి అడగకు. మొదలుపెడితే ఉత్తరమంతా అవే ఆక్రమించుకుంటాయి.

నల్ల సౌసన పూసింది. తొమ్మిది పూలు. పోయిన ఏడు పద్నాలుగు. ఇరవై ఏళ్ల కిందట నాన్న గోధుమ చేలోంచి రోడ్డు వేస్తున్నారని తెలిసి, బుల్డోజరు వచ్చే ముందురోజు మనిద్దరం ఒళ్లో దుంపలు వేసుకుని పరుగెత్తుకొచ్చాం, గుర్తుందా? నువ్వు నాలుగు తెచ్చావు, నేను ఆరు. అప్పట్నుంచీ పెరటి గోడ వార, వాలులో, గులకరాళ్లు కలిపిన మట్టిలో ఉన్నాయి. పూలు తగ్గడమనేది నేనెప్పుడూ చూడలేదు.

ఊరి ఆడవాళ్లు టీ నెపంతో వచ్చి చూసి పోయారు. నలుపని ఒకరు, ఊదా అని ఒకరు ఎప్పటిలాగే వాదించుకున్నారు. "ఈసారి తగ్గాయేం ఉమ్మ్ ఆతిఫ్?" అని అడిగారు. "ఇంట్లోకి కొత్త కళ్లు వచ్చాయి కదమ్మా" అన్నాను. అన్నానంటే ఊరికే అనలేదు.

నా కోడలు నౌఫా వచ్చి ఆర్నెల్లయింది. నువ్వు తెచ్చిన సంబంధమే. పని చేస్తుంది, కాదనను. మాటే లేదు. మాట తక్కువ మనిషికి ఆలోచన ఎక్కువ. మొన్న పూల ముందు గొంతుక్కూర్చుని "అత్తా, దీన్ని దేనికి వాడతారు?" అంది.

"చూడ్డానికి."

"కాయ కాయదా?"

"మనం తినేది కాయదు."

"పోనీ దుంప ఉడకబెట్టుకుంటారా?"

"ఉడకబెట్టి పెట్టు, మీ అత్త పీడ వదిలిపోద్ది" అన్నాను. నవ్వాల్సిన మాట కదా? నవ్వలేదు. దుంప వైపు చూసింది. ఎందుకు చూసినట్టు, హమ్‌దా?

నా కొడుకు ఆతిఫ్ బడికి బాగానే వెళ్తున్నాడు. పిల్లలకు లెక్కలు చెప్పీ చెప్పీ ఇంట్లో లెక్క తప్పుతున్నాడు. భార్య ఏం చేసినా ఒప్పే వాడికి.

నీ అక్క
సబ్హా

*

అకబా, 1986 ఏప్రిల్ 26

సబ్హక్కకు,

ఉత్తరం చదివి ఔదాకి వినిపించాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "చలికాలం వానలు సగం కూడా పడలేదు, పూలు తగ్గవా? మీ అక్కకి పచ్చకామెర్లు" అన్నాడు. నేనూ అదే అంటున్నాను. కింద లోయలో, గోర్ సాఫీలో టమాటాల మధ్య పుట్టిన పిల్ల. కాయ కాయని మొక్కని ఇంట్లో పెంచుతారని దానికేం తెలుసు? వాళ్ల నాన్న అబూ ఖలఫ్ ట్రక్కు పదేళ్లుగా మా ఓడరేవుకి వస్తోంది. ఒక్కరోజు కుళ్లిన పెట్టె పైన మంచివి పేర్చి తేలేదు. అలాంటి ఇంటి పిల్ల.

ఇక్కడ ఇప్పుడే ఎండలు. చేపలు పొద్దున కొంటే మధ్యాహ్నానికి వాసన.

నవ్వుకోవడానికి ఒకటి రాస్తున్నాను. మా కింది అంతస్తులో ఉమ్మ్ జాయిద్ అని ఉంది. కోడలొచ్చినప్పట్నుంచీ ఈవిడకి గొంతు బొంగురుపోయిందట. తీరా చూస్తే కోడలు ఎవడో తాయెత్తులవాడి చేత అత్త నోరు కట్టేయడానికి కాగితం రాయించి, ఆ సిరా నీళ్లలో కడిగి గడప దగ్గరా మొక్కల్లోనూ పోస్తోందట. నీళ్లు నీలంగా ఉంటే పట్టుకుంది. "నోరు కట్టించుకోవడానికి ఎంతవుతుందో అడిగి రా, మా ఇంట్లోనూ పని ఉంది" అంటాడు ఔదా.

నీ నోరు కట్టడానికి ఆ సిరా చాలదులే. దిగులు పడకు.

హమ్‌దా

*

కరక్, 1986 జులై 5

హమ్‌దా,

తలుపు గడియ పెట్టి రాస్తున్నాను. చదివాక దాచెయ్.

సౌసన ఆకులు మే చివర్లో ఎండిపోయాయి. ఎండాలి. ఎండాకాలం దాన్ని చచ్చినట్టు పడుండనివ్వాలి, అప్పుడే బతుకుతుంది. ఆ నాలుగు నెలలు చుక్క నీరు తగలకూడదు. మనం చేయాల్సిన పనల్లా ఏ పనీ చేయకపోవడం. ఇది నీకు తెలుసు, నాకు తెలుసు, ఈ కొండ మీద మేకలక్కూడా తెలుసు.

నిన్న పొద్దున్నే మోకాళ్ల నొప్పికి నిద్రపట్టక పెరట్లోకి వెళ్లాను. గోడ వార మట్టి నల్లగా కనిపించింది. వేలు పెట్టాను. తడి! జులై నెలలో తడి! మనకి మంగళవారం తప్ప కుళాయిలో నీళ్లు రావు. పోయినసారి గిన్నెలు కడిగేటప్పుడు "చుక్క ఒలికినా ఊరుకోను" అని నేనే అరిచాను. ఇంత నీళ్లు అక్కడికెలా వచ్చాయి?

వెతికాను. రొట్టెల పొయ్యి వెనక, గోనెపట్టా కింద, నెయ్యి డబ్బా ఒకటి. అడుగున కొంచెం నీళ్లు మిగిలాయి. దోసిట్లో పోసుకుని వెలుతురులో చూశాను. నీలం, హమ్‌దా. నీ ఉత్తరంలో నువ్వు రాసిన నీలం.

నా గొంతు రెండు రోజులుగా బొంగురుగా ఉంది.

ఇంకోటి. అది మూడు వారాలుగా తల రుద్దుకోలేదు. రుమాలు బిగించి కట్టుకుని తిరుగుతోంది, పడుకునేటప్పుడు కూడా. "తలంటుకోవా?" అంటే "తర్వాత అత్తా" అంటుంది. ఆ రుమాలు కింద ఏం కట్టుకుంది? తాయెత్తు తల్లో కట్టుకుంటే నీళ్లు తగలకూడదంటారు కదా?

సంబంధం తెచ్చింది నువ్వే. నువ్వే చెప్పు, ఏం చేయను?

సబ్హా

*

అకబా, 1986 జులై 14

అక్కా,

నేను నవ్వుతూ రాసింది నీ ఇంట్లోనే జరుగుతుందనుకోలేదు. ఉమ్మ్ జాయిద్‌కి నీ ఉత్తరం చూపించాను, కోప్పడకు. "నీలమా? రుమాలా? ఇంకా అడుగుతారేమిటి?" అంది.

ఆ పిల్లని ఏమీ అడగకు. అడిగితే జాగ్రత్త పడుతుంది. డబ్బా ఉన్నచోటే ఉంచు. దాని చేతి టీ తాగకు. పిండి నువ్వే కలుపుకో. రెండు వారాలు కనిపెట్టి, కళ్లారా చూశాక ఆతిఫ్‌కి చెప్పు.

సంబంధం తెచ్చింది నేనేనని రెండుసార్లు రాశావు. తెచ్చాను. మంచి ఇల్లని తెచ్చాను. మనసులో ఏముందో పెట్టె విప్పి చూడ్డానికి అది టమాటాల పెట్టె కాదుగా. ఔదాకి ఇదంతా చెబితే "కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అన్నాడు. మగవాళ్లకి అన్నీ తేలికే.

హమ్‌దా

*

కరక్, 1986 ఆగస్టు 4

హమ్‌దా,

అయిపోయింది. వెళ్లిపోయింది.

నువ్వు చెప్పినట్టే చేశాను. రెండు వారాలు ఒక్క మాట అడగలేదు. టీ తెస్తే "కడుపులో మంట" అని కుండీలో పారబోశాను. ఒకరోజు పారబోస్తుండగా చూసింది కూడా. చూసి గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది. శుక్రవారం వేకువన కిటికీ రెక్క సందులోంచి కళ్లారా చూశాను. చెప్పుల్లేకుండా వచ్చి, గోనెపట్టా ఎత్తి, డబ్బాతో నీళ్లు ఒక్కో దుంప మొదట్లో పోసింది. పోస్తూ పెదాలు కదిపింది. ఏదో చదువుతోంది!

ఆతిఫ్‌ని లేపి చెప్పాను. వాడు వెర్రిమొహం వేసుకుని దాని దగ్గరికెళ్లి "మా అమ్మ మీద మంత్రం పెట్టించావా?" అని అడిగాడు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది. ఏడవలేదు, ఒట్టు పెట్టలేదు. మొగుడి ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత రొట్టెలు కాల్చింది, నా మంచం దగ్గర నీళ్ల కూజా నింపింది, బట్టల మూట కట్టుకుంది. మధ్యాహ్నం టమాటాల ట్రక్కు ఎక్కి పుట్టింటికి పోయింది. ఏ తప్పూ లేని మనిషి కాదని చెప్పదా?

అది పోయాక మడి తవ్వాను, కాగితం దొరుకుతుందని. కాగితం లేదు. దుంపలు మాత్రం పట్టుకుంటే వేళ్లు దిగిపోతున్నాయి. పులిసిన పిండిలా అయిపోయి, ఒకటే కంపు. బుల్డోజరు నోట్లోంచి తెచ్చుకున్నవి, హమ్‌దా. మట్టిలో కూర్చుని ఏడ్చాను. మంత్రం కాకపోతే ఇరవై ఏళ్ల దుంప నెలలో ఇలా అవుతుందా?

సబ్హా

*

కరక్, 1986 ఆగస్టు 19

హమ్‌దా,

పదిహేను రోజులు. జవాబు లేదు.

బక్రీదు గడిచింది. పొద్దున్నే కార్జం వేయించి పెడితే ఆతిఫ్ ముట్టలేదు. నాతో మాట్లాడటం మానేశాడు. పండగ చూడ్డానికి వచ్చిన ప్రతి ఆడదీ "కోడలేదీ?" అని అడిగింది. "పుట్టింటికి పంపాను" అన్నాను. కోపంతో వెళ్లిన కోడలు పండక్కి కూడా రాలేదంటే ఊరు ఏమనుకుంటుందో నీకు తెలుసు. ఇంకో నెల చూసి విడాకుల మాట మాట్లాడదామంటున్నాడు మామయ్య కొడుకు.

గోర్ నుంచి వచ్చిన పాలవాడు ఒక మాట చెప్పాడు. పండగ ముందు ఔదా ట్రక్కు అబూ ఖలఫ్ వాకిట్లో మధ్యాహ్నం నుంచి పొద్దుగుంకేదాకా ఉందట. లోపల ఒక ఆడమనిషి కూడా ఉందట.

నువ్వేనా? నా ఇంటి మాట వాళ్ల చెవిలో వేయడానికి వెళ్లావా? మొదట్నుంచీ నువ్వు వాళ్ల మనిషివేనా? నాన్న మనిద్దరికీ అక్షరాలు నేర్పింది ఇందుకేనా?

సబ్హా

*

అకబా, 1986 ఆగస్టు 24

అక్కా,

వెళ్లింది నేనే. తిట్టడానికే వెళ్లాను. "మా అక్కనేం చేశావే" అని జుట్టు పట్టుకుందామని వెళ్లాను. తిరిగి వచ్చాక పది రోజులు నీకేం రాయాలో తెలియక రాయలేదు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను, మధ్యలో పారేయకుండా చదువు.

వాళ్లమ్మ గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "మంత్రగత్తెని చూడ్డానికొచ్చావా అమ్మా? లోపలుంది, బెండకాయలు కోస్తోంది" అంది. నౌఫా లేచి నాకు కుర్చీ వేసింది. తల అప్పుడే రుద్దుకున్నట్టుంది, జుట్టు నడుం దాకా తడిగా ఉంది. ఏ తాయెత్తూ లేదు. నేను చూశాను, సిగ్గులేకుండా చూశాను.

డబ్బాలో నీలం ఏమిటే అన్నాను.

"నీలిమందు" అంది.

"ఏ నీలిమందు?"

"ఆయన చొక్కాలు జాడించినవి. మీ ఇంట్లో తెల్లబట్టలకి నీలిమందు పెట్టరా అత్తా?"

అక్కా, ఆతిఫ్ బడి చొక్కాలు. వారానికి ఆరు. ఆ జాడింపు నీళ్లు పారబోయకుండా డబ్బాలో పట్టి దాచింది. మంచినీళ్లు చుక్క ఒలికినా ఊరుకోనన్నావు కదా, అందుకని. అవి చాలకపోతే తన వంతు స్నానం నీళ్లు పోసింది. మూడు వారాలు తల రుద్దుకోనిది అందుకు. తెల్లారకముందే ఎందుకు పోశావంటే, ఎండెక్కాక పోస్తే వేరు ఉడుకుతుందని వాళ్ల నాన్న చెబుతాడట. పెదాలు కదిపింది మంత్రం కాదు, బిస్మిల్లా. వాళ్లు ఏ మొక్కకి నీళ్లు పెట్టినా అనుకుంటారట.

"ఎండిపోయే మొక్కని చూస్తూ ఊరుకుంటే మా గోర్‌లో పాపం అత్తా. అత్తయ్యకి మోకాళ్లు వంగవు, అందుకే పోయలేకపోతున్నారనుకున్నా" అంది.

మరి చెప్పి పోయొచ్చుగా అన్నాను. అప్పుడు కత్తి కింద పెట్టింది. "పూలు చూడ్డానికొచ్చిన వాళ్లందరి ముందూ అత్తయ్య అన్నారు, కొత్త కళ్లు వచ్చాయి అందుకే తొమ్మిదే పూశాయని. టీ పళ్లెం పట్టుకుని నేను తలుపు వెనకే ఉన్నా. వచ్చే ఏడు పద్నాలుగు పూస్తే ఆ మాట పోతుందనుకున్నా. ముందే చెబితే ఏం బాగుంటుంది?"

మంత్రం పెట్టావా అని మొగుడు అడిగినప్పుడు ఎందుకు మాట్లాడలేదో కూడా అడిగాను. "ఒకరోజు కాదు, తొమ్మిది నెలలు పక్కన పడుకున్న మనిషి. ఆయన అడగడంలోనే అయిపోయింది. ఇంక నేను చెప్పేదేముంది?" అంది.

దుంపలు కుళ్లాయని నేనే చెప్పాను. దానికి తెలియదు. అది విని ఏడ్చింది. ఇంత జరిగినా ఏడవని పిల్ల దుంపల కోసం ఏడ్చింది.

అక్కా, నీళ్లు పోసింది అదే. కుళ్లబెట్టింది అదే. పోయొద్దని ఒక్క మాట దానికెవరు చెప్పారు? నువ్వు చెప్పలేదు. నేను చెప్పనివ్వలేదు.

హమ్‌దా

*

కరక్, 1986 ఆగస్టు 31

హమ్‌దా,

ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆతిఫ్ అలమరలోంచి ఒక చొక్కా తీసి చూశాను. కాలరు దగ్గర ఇంకా సన్నని నీలపు మరక ఉంది. ఆ చొక్కాలు తొమ్మిది నెలలుగా నా కళ్ల ముందే తీగ మీద ఆరుతున్నాయి.

తప్పు నాదే. ఆ పిల్ల మీద కాదు, నా మీద నాకు అసహ్యం వేస్తోంది.

ఔదాని అడుగు. పెద్దమనుషులు నలుగురిని కూడగట్టి గోర్ సాఫీకి రావాలి. నేనూ వస్తాను. ఆడవాళ్లు రాకూడదని ఎవరైనా అంటే, నింద వేసింది మగవాళ్లా అని అడుగు.

సబ్హా

*

కరక్, 1986 సెప్టెంబరు 21

హమ్‌దా,

పాపకి జ్వరం తగ్గిందా? నువ్వు రాలేకపోయావు కాబట్టి రాస్తున్నాను. ఔదా చెప్పే ఉంటాడు. మగవాళ్లు చెబితే ఎవరు ఎక్కడ కూర్చున్నారో తప్ప ఇంకేమీ తెలియదు.

గోర్‌లో దిగేసరికి మూడయింది. కొండ మీద చలిగాలి మొదలైంది, అక్కడింకా పొయ్యి మీద కూర్చున్నట్టుంది. పందిరి కింద పరుపులు వేశారు. నన్ను లోపలికి రమ్మన్నారు, వెళ్లలేదు. మగవాళ్ల వరసలోనే చివర కూర్చున్నాను. అబూ ఖలఫ్ అందరికీ కాఫీ పోశాడు. ఔదా తన గిన్నె కింద పెట్టాడు. అందరూ పెట్టారు. అడిగింది ఒప్పుకుంటేనే తాగుతామని.

అబూ ఖలఫ్ గిన్నెల వైపు చూసి "మీరొచ్చింది నాకు గౌరవమే. నా ఒక్కడి మాటైతే ఇప్పుడే తాగమనేవాణ్ని. నింద పడింది నా మీద కాదు. పిల్ల చెప్పాలి" అన్నాడు. మన పెద్దాయన ఒకాయన గొణిగాడు, ఆడపిల్లని అడగడమేమిటని. అబూ ఖలఫ్ వినిపించుకోలేదు.

నౌఫా వచ్చింది. ఆతిఫ్ లేచి నిలబడ్డాడు. వాడి వైపు చూడలేదు. నేరుగా నా ముందుకొచ్చి, "అత్తా, మా ఇంటి కాఫీ తాగొచ్చు. ఇందులో నీలిమందు లేదు" అంది.

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఆ మాట నాకు తగిందే. మోకాళ్లు పట్టుకుని లేచి, అందరి ముందూ చెప్పాను. "పిల్ల తప్పు లేదు. చూడాల్సిన కళ్లతో నేను చూడలేదు, అడగాల్సిన నోటితో అడగలేదు. పోయొద్దని ఒక్కమాట చెబితే అయిపోయేది. దుంపల్నీ నేనే చంపాను, దాని పేరునీ నేనే పాడుచేశాను." చెబుతుంటే గొంతు బొంగురుపోయింది, ఏ తాయెత్తూ లేకుండానే.

ఆతిఫ్ కూడా ఏదో చెప్పబోయాడు. "మీరు ఇంటికెళ్లాక చెబుదురు గాని" అంది. వాడు కూర్చున్నాడు. ఇంటికెళ్లాక అన్నదంటే వస్తుందనే అనుకున్నాను. అప్పుడు అడిగింది.

"నేను గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా మీరు కాగితం మోకాలి కింద దాచుకునేవాళ్లు. అవి నా గురించే అని తెలుసు. ఆ ఉత్తరాలన్నీ నా ఎదురుగా కూర్చుని మీ నోటితో చదవండి. ఒక్క ముక్క వదలకుండా. నా గురించి ఏమేం అనుకున్నారో నాకు తెలియాలి. ఆ తర్వాత నేను మళ్లీ ఎత్తను, మీరూ ఎత్తొద్దు."

ఔదా నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నేను సరేనన్నాను. అప్పుడు అబూ ఖలఫ్ "ఇంక మీ కాఫీ తాగండి" అన్నాడు. చల్లారిపోయింది. అలాగే తాగాను.

పెద్దవాళ్ల ముందు మాట ఇచ్చాను కాబట్టి అదే రోజు మాతో వచ్చింది. వంట చేస్తోంది. నాతో అవసరమైన మాట తప్ప లేదు. నిన్న మడి దగ్గర కూర్చుని మిగిలిన దుంపల్ని చూపించాను. రాతి పక్కన నీళ్లు చేరని చోట రెండే గట్టిగా ఉన్నాయి. బూడిద అద్ది ఎండలో పెట్టాను. వానల ముందు ఎలా పాతాలో, పాతాక ఎప్పుడు ముట్టుకోకూడదో చెప్పాను. విన్నది. పద్నాలుగు మళ్లీ చూడాలంటే పదేళ్లు పడుతుందన్నాను. "పడనివ్వండి" అంది.

నా ఉత్తరాలు పంపు. అన్నీ. డబ్బా గురించి రాసినదీ, రుమాలు గురించి రాసినదీ. ముఖ్యంగా అవి.

సబ్హా

*

అకబా, 1986 సెప్టెంబరు 29

అక్కా,

పాపకి తగ్గింది.

నీ ఉత్తరాలన్నీ ఈ కవరులో ఉన్నాయి. ఒక్కటీ తీయలేదు. జులైలో రాసినది మడత దగ్గర చిరిగింది. అన్నిసార్లు తీసి చదివాను, ఇంకొకరికి చూపించాను, అందుకు.

నిజం చెబుతాను. నిన్న నీకు వేరే ఉత్తరం రాశాను. ఆ పిల్ల అడిగింది నువ్వు రాసినవే కదా, నేను రాసినవి నీ దగ్గరున్నాయి, వాటిని పొయ్యిలో పెట్టెయ్ అని. రాసి, కవరు అంటించి, పొద్దున్నే చింపేశాను. సిరా కథ నీ చెవిలో వేసింది నేను. టీ తాగకు అన్నది నేను. అడగకు అన్నది నేను. అవి లేకుండా నీవి మాత్రమే చదివితే మళ్లీ అబద్ధమే అవుతుంది.

నావి కూడా చదువు. చదివే ముందు ఇది హమ్‌దా రాసిందని చెప్పు. మధ్యలో తను లేచి వెళ్లిపోతే పిలవకు, తిరిగొచ్చేదాకా ఆగు. అన్నీ అయ్యాక నా గురించి ఏమందో నాకు రాయి. ఎంత మాటన్నా సరే, మెత్తన చేయకుండా రాయి. ఆ ఉత్తరం మాత్రం తన ఎదురుగా కూర్చుని రాయి.

హమ్‌దా